టక్సీడో కొనే ముందు టేపు పట్టండి

మాట కుదిరింది, ముహూర్తం పెట్టేశారు. ముహూర్తానికి ఏం కట్టుకోవాలన్న బెంగ మీకు లేదు. బరంపురం పట్టు జోడు ఎలాగూ ఉంది. దేవాంగుల మగ్గం మీద నేసిన ఆ పంచె, కండువా ఎవరి ఒంటి మీదైనా నిండుగానే ఉంటాయి. బెంగంతా రిసెప్షన్ గురించే. "బావా, అక్క గౌను వేస్తాది, నువ్వు టక్సీడో వెయ్యాల" అంటూ విశాఖపట్నం నుంచి కాబోయే మరదలు ఎవరో హీరో ఫొటో ఒకటి పంపింది. మీరేమో ఒడిశా తీరాన పొడంపేటవారు. చెన్నైలో బోటు మీదో, సూరత్‌లో పవర్‌లూమ్ మీదో పనిచేసి సెలవు మీద వచ్చారు. కోటు అనేది ఇంతవరకు మీ భుజాన పడలేదు.

మరి ఇప్పుడేం చేస్తారు? బరంపురం వెళ్ళి, అద్దాల షోరూములోకి అడుగుపెట్టి, సేల్స్‌మన్ చూపించిన మొదటి నల్ల కోటు వేసుకుని, "బాగుందన్నా" అని అతనంటే డబ్బు కట్టేసి వస్తారా? చాలామంది చేసేది అదే. ఫొటోలు వచ్చాక తెలుస్తుంది కోటు భుజాలు కిందికి జారాయని, చేతులు వేళ్ళ దాకా వచ్చాయని.

ఈ అధ్యాయంలో చెప్పే మాట ఒక్కటే. కోటు విలువ దాని ధరలో లేదు. అది మీ ఒంటికి ఎంత సరిపోయింది, ఎన్నిసార్లు మీ ఒంటి మీదికి వస్తుంది అన్నదాంట్లో ఉంది. ఈ రెండూ చూసుకోవడం ఎలాగో వరసగా చూద్దాం.

ముందు సంగతి: టక్సీడో అంటే నల్ల సూటేనా?

కాదు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, దగ్గరికెళ్తే తేడా కనబడుతుంది. టక్సీడో కాలరు మడతలకి నిగనిగలాడే శాటిన్ గుడ్డ వేస్తారు. ముందు సాధారణంగా ఒకటే గుండీ. ప్యాంటు పక్క కుట్టు వెంట నడుము నుంచి మడమ దాకా శాటిన్ పట్టీ. ప్యాంటుకి బెల్టు లూపులుండవు. లోపల తెల్ల చొక్కా, మెడలో నల్ల బో టై. 1865లో ఇంగ్లండు యువరాజు ఒకాయన ఇంట్లో విందులకి హాయిగా ఉంటుందని లండన్‌లోని హెన్రీ పూల్ దర్జీల చేత పొట్టి కోటు కుట్టించుకున్నాడు. 1886 ప్రాంతంలో న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్క్ క్లబ్బులో అలాంటి కోటు వాడుకలోకి వచ్చి, ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది.

ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఇది పుట్టింది సాయంత్రం విందు కోసం. పగటి పూట, ఆఫీసుకి, ఇంటర్వ్యూకి, పొద్దుటి ఫంక్షన్‌కి ఇది పనికిరాదు. ఇక్కడి నుంచే మొదటి సలహా.

1. కొట్టుకి వెళ్ళే ముందు సాయంత్రాలు లెక్కపెట్టండి

ఓ కాగితం తీసుకోండి. రాబోయే మూడేళ్ళలో మీరు టక్సీడో వేసుకోగలిగే సాయంత్రాలు రాయండి. మీ రిసెప్షన్ ఒకటి. బావమరిది రిసెప్షన్ ఇంకొకటి. తర్వాత? పెన్ను ఆగిపోయిందా? అయితే టక్సీడో అద్దెకి తెచ్చుకోవలసిన బట్ట, కొనవలసింది కాదు.

ఒక లెక్క వేద్దాం. 15 వేలు పెట్టి టక్సీడో కొన్నారనుకోండి. రెండుసార్లు వేసుకుంటే ఒక్కో సాయంత్రానికి ఏడున్నర వేలు పడింది. అదే 15 వేలకి ముదురు నీలం సూటు కుట్టించుకున్నారనుకోండి. రిసెప్షన్, మేనకోడలి ఓణీల వేడుక, కాలేజీ ఫంక్షను, ఉద్యోగం ఇంటర్వ్యూ, అన్నిటికీ అదే పనికొస్తుంది. పదిసార్లు వేస్తే ఒక్కోసారికి పదిహేను వందలు. కోటు పక్కనబెట్టి ప్యాంటు ఒక్కటీ వేసుకున్న రోజులు ఈ లెక్కలోకి రానేలేదు.

మరి టక్సీడో ఎవరు కొనాలి? ఆర్కెస్ట్రాలో పాడేవారు, వేదిక మీద యాంకరింగ్ చేసేవారు, పెద్ద హోటల్లోనో ఓడలోనో విందుల విభాగంలో పనిచేసేవారు. వీళ్ళకది పనిబట్ట, నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

2. మీ ముందున్న నాలుగు దారులు

*అద్దె.* ఒక్క సాయంత్రానికి ఇదే మేలు. అయితే మూడు జాగ్రత్తలు. రిసెప్షన్ ముందురోజు కాదు, కనీసం వారం ముందే వేసి చూసుకోండి. తీసుకునేటప్పుడే మరకలు, ఊడిన గుండీలు, శాటిన్ మీద గీతలు ఫోన్లో ఫొటో తీయండి. డిపాజిట్టు ఎంత, ఎప్పటికల్లా తిరిగివ్వాలి, డ్రైక్లీనింగ్ ఎవరు చేయించాలి, ఈ మూడూ రసీదు మీద రాయించండి.

*రెడీమేడ్.* తొందర్లో ఉన్నవారికి. కోటు ఒక సైజు, ప్యాంటు వేరే సైజు విడివిడిగా ఇచ్చే కొట్టునే ఎంచుకోండి. ఎందుకో నాలుగో సలహాలో చెబుతాను.

*కుట్టించుకోవడం.* టైముంటే ఇదే మంచిది. 58 అంగుళాల పన్నా గుడ్డయితే కోటూ ప్యాంటూ కలిపి మామూలు ఒంటికి 3 నుంచి 3.25 మీటర్లు పడుతుంది. ఒడ్డూపొడుగూ ఉన్న మనిషైతే దర్జీని అడిగాకే గుడ్డ చింపించండి.

*బంద్‌గలా.* మెడ దాకా గుండీలు పెట్టుకునే కోటు. దీన్ని చాలామంది మర్చిపోతారు. 2023 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో 'నాటు నాటు' పాటకి ఆస్కార్ వచ్చిన రాత్రి జూనియర్ ఎన్టీఆర్ వేసుకున్నది టక్సీడో కాదు, భుజం మీద బంగారు పులి కుట్టిన నల్ల బంద్‌గలా. అంత పెద్ద వేదిక మీద చెల్లింది, మీ హాల్లో చెల్లదా? బో టై గొడవ లేదు, లోపలి చొక్కా కనబడదు, అటు ప్యాంటు మీదికీ ఇటు పైజమా మీదికీ నడుస్తుంది. మరదలికి ఆ ఫొటో పంపి చూడండి.

3. డబ్బు లెక్క వేట లెక్కతో కలపండి

ఇది మన ఊరివాళ్ళకే ప్రత్యేకమైన సలహా. సముద్రపు తాబేళ్ళ రక్షణ కోసం ఋషికుల్య మొగ దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం. తూర్పు తీరమంతటా మరబోట్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం. మాఘ, ఫాల్గుణ, వైశాఖ ముహూర్తాలన్నీ ఈ నెలల్లోనే పడతాయి. అంటే ఇంట్లో ఖర్చు ఎక్కువగా ఉన్నప్పుడే చేతిలో రాబడి తక్కువ. అందుకని కోటు డబ్బు వేట సాగే నెలల్లోనే విడిగా తీసి పెట్టండి. ఒక్క పూట కోటు కోసం వడ్డీకి అప్పు చెయ్యకండి. దానికంటే అద్దె వెయ్యి రెట్లు నయం.

ఇంకో మాట. బడ్జెట్ మొత్తం కోటుకే పోసేయకండి. పది వేలు అనుకుంటే ఏడు వేలలో కోటూ ప్యాంటూ చూడండి. మిగతా మూడు వేలు చొక్కాకి, బూట్లకి, ఆల్టరేషన్‌కి. ఏడు వేల కోటు సరిగ్గా అమరితే, బాగా పాలిష్ చేసిన బూట్లు కింద ఉంటే, ఇరవై వేల కోటుతో సమానంగా నిలబడుతుంది.

4. మీ ఒంటిని మీరు తెలుసుకోండి

రెడీమేడ్ సూట్లు సాధారణంగా ఛాతీకీ నడుముకీ 6 అంగుళాల తేడా ఉంటుందన్న లెక్క మీద కుడతారు. 40 అంగుళాల కోటుతో 34 అంగుళాల ప్యాంటు వస్తుంది. కుర్చీలో కూర్చుని పనిచేసేవాడికి ఆ లెక్క సరిపోవచ్చు. చిన్నప్పటి నుంచి తెడ్డు వేసి, వల లాగిన మనిషికి? ఛాతీ 42, నడుము 32 ఉండొచ్చు. పది అంగుళాల తేడా! అలాంటప్పుడు జత సూటు కొంటే కోటు పట్టినచోట ప్యాంటు ఊడుతుంది, ప్యాంటు పట్టినచోట కోటు బిగుసుకుంటుంది. "నాకు సూటు నప్పదు" అని ఇంటికొచ్చేస్తారు. తప్పు మీ ఒంటిది కాదు, ఆ లెక్కది.

పరిష్కారం? కోటు, ప్యాంటు వేర్వేరు సైజుల్లో కొనండి, లేదా కుట్టించుకోండి. తాడు ఎప్పుడూ ఒకే భుజాన వేసుకునేవారికి ఆ భుజం కొంచెం దిగి ఉంటుంది. దర్జీకి ముందే చెబితే లోపల చిన్న ప్యాడ్ వేసి సరిచేస్తాడు.

5. ట్రయల్ రూములో ఐదు పరీక్షలు

కోటు వేసుకుని అద్దం ముందు కట్టెలా నిలబడితే ఏ కోటైనా బాగానే ఉంటుంది. కదలండి.

*గోడ పరీక్ష:* గోడ పక్కన నిలబడి మెల్లగా పక్కకి వాలండి. మీ చెయ్యి కంటే ముందు కోటు భుజం ప్యాడ్ గోడకి తగిలిందా? భుజం పెద్దదయింది.

*గుండీ పరీక్ష:* గుండీ పెట్టండి. పొట్ట దగ్గర ఇంటూ మార్కులా ముడతలు పడితే బిగుతు. పిడికిలి దూరేంత ఖాళీ ఉంటే వదులు. అరచెయ్యి బల్లపరుపుగా దూరితే సరి.

*మెడ పరీక్ష:* కోటు కాలరు చొక్కా కాలరుకి ఆనుకుని ఉండాలి. వెనక సందు కనబడితే వద్దు.

*చెయ్యి పరీక్ష:* చేతులు కిందికి వదిలితే చొక్కా అంచు కోటు చేతిలోంచి అర అంగుళం కనబడాలి.

*అక్షింతల పరీక్ష:* చేతులు పైకెత్తండి, ముందుకి చాపండి, కుర్చీలో కూర్చోండి, వంగి ఎవరికో దణ్ణం పెడుతున్నట్టు చేయండి. రిసెప్షన్‌లో మీరు చేసే పనులు ఇవే కదా?

వెంట ఎవరిని తీసుకెళ్ళాలి? పదిమంది స్నేహితుల్ని మాత్రం కాదు, పది అభిప్రాయాలు వస్తాయి. మొహమాటం లేకుండా మాట్లాడే మేనమామ ఒక్కడు చాలు. "ఒరే, బుజం కాడ పట్టేసింది, సెయ్యెత్తి సూడు" అని అద్దం చెప్పని మాట ఆయన చెబుతాడు. వెనక నుంచి, పక్క నుంచి ఫొటోలు కూడా ఆయన చేతే తీయించండి.

6. ఏది సరిచేయొచ్చు, ఏది చేయలేం

"ఏం పర్లేదన్నా, ఆల్టర్ చేసేద్దాం" అనే మాట ప్రతి కొట్టులోనూ వినబడుతుంది. సగం నిజం. చేతుల పొడవు, కోటు నడుము, ప్యాంటు పొడవు, ప్యాంటు నడుము తేలిగ్గా సరిచేస్తారు. భుజం మార్చాలంటే కోటు దాదాపు విప్పి కుట్టాలి. కోటు పొడవు తగ్గిస్తే జేబులు కిందికి దిగినట్టు కనబడతాయి. బిగుతైన ఛాతీని పెద్దది చేయడానికి లోపల గుడ్డే ఉండదు. కాబట్టి ముందు భుజం సరిపోయే కోటు చూడండి. మిగతావన్నీ సూదీ దారంతో అయ్యే పనులు.

7. గుడ్డ సంగతి: వైశాఖంలో ఏం వేస్తారు?

మన తీరంలో ఏప్రిల్, మే నెలల ఉక్కపోత గురించి మీకు నేను చెప్పాలా? హాలు ఏసీదా, పందిరా? ఆ మాట ముందు కనుక్కుని తర్వాత గుడ్డ చూడండి.

"ఉన్ని సూటా! ఎండాకాలంలోనా?" అంటారు. పల్చటి ఉన్ని గాలి ఆడనిస్తుంది, చెమట పీలుస్తుంది. పాలిస్టరే ఒంటికి అతుక్కునేది. ఉన్ని ధర అందకపోతే ఉన్ని కలిసిన గుడ్డో, విస్కోస్ పాలు ఎక్కువున్న గుడ్డో చూడండి. వెల్వెట్ జోలికి మాత్రం వెళ్ళకండి. అనుమానముంటే గుడ్డ అంచు నుంచి ఒక దారం లాగి కాల్చి చూడమనండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలిస్టరైతే కరిగి పూసలా గట్టిపడుతుంది. కుట్టించుకునేవారు వీపు దగ్గర సగం లైనింగే వేయమనండి, చాలా తేలికవుతుంది.

కోటు లోపలి పొర కూడా చూడాలి. చవక కోట్లలో ఛాతీ దగ్గర లోపలి గుడ్డ జిగురుతో అతికిస్తారు. అతుకు నాసిదైతే వేడికీ, తేమకీ, మోటు ఇస్త్రీకీ ఊడి పైగుడ్డ మీద బుడగలొస్తాయి. గుండీ కింది భాగంలో గుడ్డని రెండు వేళ్ళతో పట్టి విడదీసి చూడండి. మధ్యలో విడిగా కదిలే పొర తగిలితే అది కాన్వాస్ వేసిన కోటు, ఏళ్ళు మన్నుతుంది.

రంగు? లైట్ల కింద చవక నలుపు మెరిసి వెలిసినట్టుంటుంది. అర్ధరాత్రి ఆకాశం రంగు ముదురు నీలం ఆ లైట్లలో నలుపు కంటే నల్లగా కనబడుతుంది. ఒకప్పటి ఇంగ్లండు రాజు డ్యూక్ ఆఫ్ విండ్సర్‌కి ఈ కిటుకు తెలుసు, ఆయన సాయంత్రం కోట్లు ఆ రంగులో కుట్టించుకునేవాడు.

8. దర్జీతో మాట్లాడటం ఒక విద్య

కనీసం 45 రోజుల ముందు వెళ్ళండి. పెళ్ళిళ్ళ సీజన్లో బరంపురంలో మంచి దర్జీల దగ్గర గుడ్డల మూటలు పైకప్పు దాకా ఉంటాయి. అక్కడి అమ్మవారి ఉత్సవం ఠాకురాణి యాత్ర వచ్చే సంవత్సరమైతే ఇంకా ముందే వెళ్ళండి, ఆ రోజుల్లో ఊరంతా వీధుల్లోనే ఉంటుంది.

సంభాషణ ఇలా సాగుతుంది:

"బాబూ, ఇప్పుడంతా టైట్ ఫిట్టే. అదే ట్రెండు."

"అన్నా, నేను భోంచేశాక కూడా గుండీ పెట్టుకోవాలి. ఛాతీ దగ్గర కొంచెం వదలండి. కచ్చా కుట్టులో ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి, రెండు ట్రయల్స్ కావాలి."

"రెండు దేనికి బాబూ, కొలత తీసుకున్నాం గదా."

"చేతులింకా అతికించకముందు చూసుకుంటే మీకే పని తక్కువ."

ఇంత మాట్లాడగలిగితే చాలు. అడ్వాన్సు సగమే ఇవ్వండి. మిగిలిన గుడ్డ ముక్కలు అడిగి తీసుకోండి. ప్యాంటుకి కింద రెండు అంగుళాలు, నడుము దగ్గర ఒక అంగుళం లోపలికి మడిచి ఉంచమనండి. పెళ్ళయ్యాక అత్తవారింటి భోజనాలుంటాయి మరి!

9. కోటు కాక మిగతావి

*చొక్కా:* తెల్లది, కాటన్‌ది, కాలరు గట్టిది. కాలరు గుండీ పెట్టాక రెండు వేళ్ళు దూరాలి.

*బో టై:* కట్టుకోవడం రాకపోతే కట్టి ఉన్నదే కొనండి, సిగ్గేమీ లేదు. మెరుపులవి, ఎర్రవి వద్దు.

*నడుము పట్టీ:* టక్సీడోతో వేసుకునే ఆ మడతల పట్టీ మన దేశంలోనే పుట్టింది. ఇక్కడున్న బ్రిటిష్ సైనికాధికారులు మన నడికట్టు చూసి నేర్చుకున్నారు. మడతలు పైకి తెరుచుకునేలా కట్టాలి.

*బూట్లు:* ఇసుకలో చెప్పుల్లేకుండా పెరిగిన పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. మొనదేలిన బూట్లు మూడు గంటలు వేదిక మీద నరకం చూపిస్తాయి. సాయంత్రం పూట, పాదం కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. వారంపాటు ఇంట్లో రోజూ అరగంట వేసుకు తిరగండి. మేజోళ్ళు నల్లవి, పొడుగువి.

ఎక్కువమంది చేసే ఐదు పొరపాట్లు

— కోటు చేతి మీద కుట్టిన కంపెనీ లేబులు అలాగే ఉంచేయడం. అది విప్పేయడానికే పెట్టింది. వెనక చీలికకి వేసిన అడ్డకుట్టు కూడా అంతే.

— కూర్చున్నప్పుడు గుండీ తీయకపోవడం. లేచినప్పుడు పెట్టుకోవాలి, కూర్చున్నప్పుడు తీయాలి.

— జేబుల్లో ఫోను, పర్సు, చదివింపుల కవర్లు కుక్కడం. అవన్నీ తమ్ముడి చేతికివ్వండి.

— బ్రోచి, గొలుసు, రంగు రుమాలు, రాళ్ళ గుండీలు అన్నీ కలిపి తగిలించడం. ఠాకురాణి యాత్రలో పులివేషం కట్టినవాణ్ణి చూస్తే జనానికి వేషమే కనబడాలి, లోపలి మనిషి కాదు. మీ రిసెప్షన్‌లో కనబడాల్సింది మీరు.

— పెళ్ళికూతురు బట్టల రంగు అడక్కుండా కొనేయడం. ఆమె గౌను గుడ్డ ముక్కో, ఫొటోనో ముందు తెప్పించుకోండి.

10. ఉప్పుగాలి నుంచి కాపాడుకోండి

సముద్రం పాత పొడంపేట ఇళ్ళు కోసుకుపోతే కొత్త కాలనీకి వచ్చాం గానీ, ఉప్పుగాలి మనతోనే వచ్చింది. తేమతో ఉన్న కోటుని ప్లాస్టిక్ కవర్లో మూస్తే బూజు పట్టడం ఖాయం. వేసుకున్న రాత్రే వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి ఫ్యాను కింద ఆరబెట్టండి. పాత కాటన్ దుప్పటితో సంచి కుట్టించి అందులో పెట్టండి. వానాకాలంలో నెలకోసారి నీడలో గాలికి వేయండి. ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే నల్లగుడ్డ మెరుపెక్కుతుంది, తడిపి పిండిన పల్చటి గుడ్డ మధ్యలో వేయండి. డ్రైక్లీనింగ్ మరకపడితేనే. ఊరికే పదేపదే ఇస్తే గుడ్డ ఆయుష్షు తగ్గుతుంది.

ఈ వారంలో చెయ్యాల్సినవి

టైలరు టేపు ఒకటి తెచ్చి భుజం, ఛాతీ, నడుము, చెయ్యి పొడవు కొలిపించి ఫోన్లో రాసుకోండి. సాయంత్రాల లెక్క వెయ్యండి. హాలు ఏసీదో కాదో కనుక్కోండి. బడ్జెట్ అంకె ఇంట్లో అందరి ముందూ చెప్పేయండి, కొట్టులో నోరు జారకుండా ఉంటుంది. ఆ తర్వాతే బరంపురం బస్సెక్కండి. మొదటి రోజు చూసి, వేసుకుని, ఫొటోలు తీసుకుని ఖాళీ చేతులతో రండి. కొనడం రెండో రోజు.

కోటు మంచిదా కాదా అన్నది రిసెప్షన్ రాత్రి తేలదు. పెళ్ళయిన ఏడాదిలోపు ఇంకో రెండుసార్లు, ఎవరూ బలవంతపెట్టకుండా మీ అంతట మీరే దాన్ని తీసి వేసుకున్నారా? అయితే బేరం మీరే గెలిచారు.